"అనుకోని ఖర్చు" అంటే ఊహించనిదా, మాట్లాడుకోనిదా?

పోస్టు:
గ్రూపులో అందరికీ నమస్కారం. ఇది భాష డౌటో డబ్బు డౌటో నాకే తెలీట్లేదు కానీ ఇక్కడే అడుగుతున్నా. మేం నలుగురం ఫ్రెండ్స్ ఒకడి కార్లో టూరెళ్లొచ్చాం, బయల్దేరే ముందు కారున్నవాడే "అయ్యే ఖర్చు తలా ఇంత వేసుకుందాం" అని మెసేజ్ పెడితే అందరం ఓకే అన్నాం. వచ్చేటప్పుడు చీకట్లో గుంత కనపళ్లేదు, ముందు టైరు ధబీమని దిగింది, టైరు పక్కన చీలిపోయింది, రిమ్ము వంగింది, సరే స్టెప్నీ తీద్దామంటే దాంట్లో గాలి లేదు. బండి లాగించుకెళ్లడం, కొత్త టైరు, రిమ్ము సాపు చేయించడం అన్నీ వాడే కట్టాడు. ఇంటికొచ్చాక "అనుకోని ఖర్చు తగిలింది, తలా ఇంత వేయండ్రా" అన్నాడు. దానికి ఇంకొకడు "అనుకోలేదు కదరా మరి" అని పెట్టాడు. కారున్నవాడేమో "అవున్రా, ఎవరనుకుంటారు" అని నవ్వు బొమ్మ పెట్టి డబ్బు కోసం చూస్తున్నాడు, ఆ ఇంకొకడి ఉద్దేశమేమో "దీని గురించి ముందు మాట్లాడుకోలేదుగా, నేనెందుకివ్వాలి" అని. రెండ్రోజులకి గానీ ఎవరేమన్నారో ఎవరికీ అర్థం కాలేదు, ఇప్పుడు మాటల్లేవు ఇద్దరికీ. ఒకే మాట ఇలా రెండు వైపులా ఎలా తెగుతుంది?

జవాబు:
తమ్ముడూ, తెగడం కాదు, ఆ మాట పుట్టుకే అంత. అను అంటే పలకడం, దానికి కొను చేరింది. ఈ కొను ఒకడి మీదే వాలొచ్చు, ఇద్దరి మధ్యా తిరగొచ్చు. "తల దువ్వుకున్నాడు" అంటే తనకి తానే, "వాళ్లిద్దరూ కొట్టుకున్నారు" అంటే ఒకరినొకరు. అలాగే "వర్షం వస్తుందనుకున్నా" అంటే మనసులో అనుకోవడం, "ఆరింటికి కలుద్దామనుకున్నాం" అంటే ఒకరితో ఒకరు అని ఖాయం చేసుకోవడం. "అనుకున్న ప్రకారం" అన్నప్పుడు దాదాపు ఒప్పందమే. కాబట్టి అనుకోని ఖర్చు అంటే ఊహించనిదీ అవుతుంది, మాట్లాడుకోనిదీ అవుతుంది, మీవాళ్లు చెరొకటి పట్టుకున్నారు. నిజానికి ముందే ఊహించుంటే మాట్లాడుకునేవాళ్లే కదా, అందుకే రెండర్థాలూ ఎప్పుడూ జంటగా తిరుగుతుంటాయి, విడదీయాల్సిన అవసరం మనకి బిల్లు వచ్చినప్పుడే పడుతుంది.

జవాబు:
నాకు అసలు గొడవ మొదటి మెసేజ్‌లోనే కనిపిస్తోంది. "అయ్యే ఖర్చు". అయిన అంటే జరిగిపోయింది, అందులో పేచీ లేదు. అయ్యే మాత్రం "మామూలుగా అయ్యేది", "ఇక ముందు అయ్యేది" రెండూనూ. "రోజూ వచ్చే బస్సు", "రేపు వచ్చే చుట్టాలు", రూపం ఒకటే చూడండి. కాబట్టి ఒకడు అయ్యే ఖర్చంటే పెట్రోలూ టోలూ గదులూ అనుకున్నాడు, ఇంకొకడు దార్లో ఏదయితే అదీ అనుకున్నాడు, తప్పు ఎవరిదీ కాదు. ఇంకోటి, వేసుకుందాం అన్నాడు. ఆ -దాం మనం అనేదానికే వస్తుంది, మేం అనేదానికి రాదు, అంటే కారు ఓనరు తల కూడా లెక్కలో ఉన్నట్టే. తర్వాతి మెసేజ్‌లో అదే మనిషి "వేయండ్రా" అన్నాడు, గమనించారా? దాం నుంచి అండికి దిగాడు, ఆ మధ్యలో తన తల జారిపోయింది.

జవాబు:
పై అక్క భలే పట్టారు. నాదొకటి. పంక్చర్ పడింది, ఫైన్ పడింది, డోర్ మీద గీత పడింది, ఖర్చు తగిలింది. అన్నీ వాటంతటవే పడతాయి, తగులుతాయి, చేసినవాడు వాక్యంలో ఉండడు. సిగ్నల్ దాటినవాడు కూడా "ఫైన్ పడింది" అనే అంటాడు గానీ "వేయించుకున్నా" అనడు. అందుకే అందరిమీదా పంచడం తేలిక. నా మట్టుకు ఫైన్ నడిపినవాడిది, పక్కనోళ్లు "తొక్కు తొక్కు" అని ఎగదోసి ఉంటే అప్పుడు తిలాపాపం తలా పిడికెడు. అయినా పిడికెడు కూడా సమానం కాదు కదా, ఎవడి పిడికిలి వాడిది.

జవాబు:
చేతి చమురు వదిలింది పాపం ఆ కారున్నాయనకి. దీపంలో పోసే చమురు మీద పుట్టిన మాట బండి చమురుకి కూడా ఎంత సరిగ్గా అతికిందో. (ఇది చర్చకి ఏం ఉపయోగం లేదు, ఊరికే అనిపించింది.)

పోస్టు పెట్టినాయన:
అందరికీ థాంక్స్. "వేయండ్రా" సంగతి నేను చూడనేలేదు, ఇప్పుడు స్క్రోల్ చేసి మళ్లీ చదివితే నిజంగానే అలాగుంది. ఒకటి చెప్పాలి, ఆ రాత్రి బండి రోడ్డు మధ్యలో ఆగితే తలో చెయ్యి వేసి పక్కకి తోశాం. తలో చెయ్యి అంటే ఎవడెంత తోశాడో కొలిచే పని లేదు, నేనైతే ఒక చేత్తో ఫోన్ లైటు పట్టుకుని రెండోది డిక్కీ మీద ఆనించానంతే, తోశానని చెప్పడానికి కూడా సిగ్గే. మరి తోసేటప్పుడు తలో చెయ్యి, కట్టేటప్పుడు తలా ఇంత, రెండింట్లో ఉన్నది ఒకే తల కదా అనిపించింది.

నేను చివరికి మావాళ్లకి చెప్పింది ఇదీ. బండి లాగినందుకు, రిమ్ముకి నలుగురం సమానం, ఆ గుంతలోకి మన టూరే తీసుకెళ్లింది. టైరు పక్కన చీలితే పంక్చర్ వేసి నడపకూడదు, మార్చాల్సిందే, కానీ పాత టైరు సగం పైగా అరిగిపోయింది, కొత్తది రేపట్నుంచి వాడి బండికే తిరుగుతుంది. అందుకని టైరు ధరలో సగం వాడు ఒక్కడే పెట్టుకుని మిగతా సగం మాత్రం నలుగురికీ వేద్దాం అన్నా. స్టెప్నీలో గాలి చూసుకోకపోవడం వాడి తప్పే, దానివల్ల రోడ్డు మీద రెండు గంటలు కూర్చున్నందుకు మాకేమీ ఇవ్వక్కర్లేదు అని కూడా అన్నా, నవ్వాడు.

"అనుకోలేదు కదరా" అన్నవాడు కొంచెం సేపాగి "ఇప్పుడనుకుందాం అయితే" అన్నాడు. మొదటి జవాబులో కొను గురించి చెప్పిన మాస్టారూ, ఇందులో కొను ఎటు వాలిందో మీరే చెప్పాలి.