టోఫూని పిండాలా, ఉప్పునీళ్లలో వేయాలా? మా రూమ్‌లో గొడవ తేల్చండి

మాదాపూర్ గరిటె | శనివారం, రాత్రి 9:40
రూమ్‌లో నలుగురం ఉంటాం. అందులో ఒకడికి పాలు పడవు. వాడి కోసమని పోయిన ఆదివారం పనీర్ బదులు టోఫూ తెచ్చి, అచ్చం పనీర్ బటర్ మసాలా చేసినట్టే చేశాను. వెన్న బదులు నూనె, జీడిపప్పు ముద్ద. గ్రేవీ బ్రహ్మాండంగా కుదిరింది. ముక్క నోట్లో పెట్టుకుంటే మాత్రం తడి స్పాంజి. గ్రేవీది ఒక దారి, ముక్కది ఇంకో దారి. చపాతీలన్నీ గ్రేవీతోనే అయిపోయాయి, ముక్కలు గిన్నె అడుగున మిగిలాయి.

మావాడు ఒకడు "ఎలా వండినా అంతేరా, దానికసలు రుచే లేదు" అంటాడు. నాకు వండటం రాలేదని నా అనుమానం. ఎవరిది కరెక్టు? తెచ్చింది గట్టి రకమే, 200 గ్రాముల ప్యాకెట్లు రెండు.

ఎడిసన్ అమ్మమ్మ | శనివారం, రాత్రి 10:15
తప్పు నీది కాదు, టోఫూదీ కాదు నాయనా, నీళ్లది. సోయా పాలు విరగ్గొట్టి గడ్డ కట్టించిందే కదా అది. గట్టి రకంలో కూడా ముప్పాతిక వంతు దాకా నీళ్లే ఉంటాయి. ముక్క నిండా నీళ్లుంటే నీ మసాలా ఎక్కడ దూరుతుంది? కాకరకాయకి ఉప్పు రాసి పిండుతామే, ఇదీ అంతే అనుకో.

న్యూజెర్సీలో మా కోడలి దగ్గరికి వచ్చిన కొత్తలో నేనూ నీలాగే పాడు చేశాను. ఇప్పుడు ఏం చేస్తానంటే, దిమ్మని పాత నూలు పంచెలో చుట్టి, పళ్లెం మూసి, పైన నీళ్లు పోసిన గిన్నె పెట్టి అరగంట వదిలేస్తాను. మరీ బరువు పెడితే దిమ్మ పగులుతుంది, జాగ్రత్త. తర్వాత ముక్కలు కోసి, ఉప్పు, కారం, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ పట్టించి పెనం మీద వేయించు. ఒక్కో వైపు నాలుగు నిమిషాలు అసలు కదపకు. కదిపావా, పెచ్చు ఊడి పెనానికి అంటుకుంటుంది. ఆ కరకరలాడే ముక్కల్ని కూర దించే ముందు వేయి. గ్రేవీలో మరగనిచ్చావంటే మళ్లీ మొదటికొస్తుంది.

చెంగ్డూ డాక్టరు | శనివారం, రాత్రి 11:02
అమ్మమ్మగారికి నమస్కారం, కానీ నేను ఒప్పుకోను. నేను ఎంబీబీఎస్ చైనాలో, సిచువాన్ రాష్ట్రం చెంగ్డూలో చదివాను. మా మెస్‌లో టోఫూని ఎవరూ పిండగా చూడలేదు. ఆ ఊరి పేరుమోసిన వంటకం మాపో టోఫూ. మాపో అంటే ముఖం మీద మచ్చలున్న ముసలమ్మ అని అర్థం. దానికి మెత్తటి టోఫూయే వాడతారు, మన జున్ను ముక్కలా వణుకుతూ ఉంటుంది.

వాళ్లు చేసేది ఇది. ముక్కలు కోసి, బాగా ఉప్పేసిన వేడి నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచుతారు. నీళ్లు తీయాల్సిన దాన్ని నీళ్లలో వేయడమేంటని నాకూ మొదట నవ్వొచ్చింది. కానీ వేడికి ముక్క బిగుసుకుని లోపలి నీరు కొంత బయటికొస్తుంది, ఉప్పు పడుతుంది, పచ్చివాసన పోతుంది, ముక్క విరగదు. ఇటు నూనెలో మిరపకాయలు, పెద్ద చిక్కుడు గింజలు కలిపి పులియబెట్టిన ముద్ద వేసి, నూనె ఎర్రబడే దాకా వేయిస్తారు. మన కొరివికారానికి దూరపు చుట్టం అనుకోండి. దానిలో మాంసం కీమా వేస్తారు. శాకాహారులు పుట్టగొడుగులు సన్నగా తరిగి వేసుకోవచ్చు.

అసలు కిటుకు చివర్లో ఉంది. పిండి నీళ్లలో కలిపి రెండు మూడు విడతలుగా పోస్తారు. టోఫూ నున్నగా ఉంటుంది కాబట్టి పల్చటి పులుసు దాని మీద నిలవదు, జారిపోతుంది. చిక్కబడితేనే ముక్కని పట్టుకుంటుంది. పులుసులో మనం బియ్యప్పిండి కలిపి పోయమూ? గరిటె బ్రదర్ గ్రేవీకీ ముక్కకీ పొత్తు కుదరనిది అందుకే. రుచి ముక్క లోపలికి దూరాలని ఎందుకు పట్టు పట్టడం? పైన అంటుకుంటే చాలదా?

మీల్‌మేకర్ పార్టీ | ఆదివారం, ఉదయం 7:20
ఇంత యాగీ దేనికండీ. మీల్‌మేకర్ కూడా సోయానే, పావు వంతు రేటుకొస్తుంది, వేడి నీళ్లలో వేసి పిండితే అయిపోయె.

ఎడిసన్ అమ్మమ్మ | ఆదివారం, ఉదయం 7:45
మీల్‌మేకర్ గురించి అడగలేదు కదా బాబూ.

డాక్టరు గారూ, మీరు చెప్పింది అన్నంలో కలుపుకునే కూర. ఈ అబ్బాయి చపాతీలోకి చేస్తున్నాడు. చపాతీ ముక్కతో చుట్టి పట్టుకుంటే మీ జున్ను ముక్క చితికిపోదూ?

ఫ్రీజర్ పిన్ని | ఆదివారం, ఉదయం 9:10
ఇద్దరూ ఒకటి మర్చిపోయారు. ప్యాకెట్ అలాగే ఫ్రీజర్‌లో ఒక రాత్రి పెట్టండి. లోపలి నీళ్లు ఐసై, కరిగాక ఆ ఐసున్న చోటల్లా కన్నాలు మిగులుతాయి. దిమ్మ పసుపు రంగుకి తిరుగుతుంది, చెడిపోయిందని పారేయకండి. పూర్తిగా కరిగాక రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కితే నీళ్లు ధారగా కారతాయి, బరువులూ పంచెలూ అక్కర్లేదు. జపాన్‌లో ఇలా గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫూని కోయదోఫు అని అమ్ముతారు. నేను దీన్ని గోంగూరలో వేస్తాను. ముక్క కొరికితే లోపలి నుంచి గోంగూర పులుపు ఊరుతుంది. డాక్టరు గారూ, లోపలికి దూరదని మీరన్నారే, ఇది దూరుతుంది.

ఒక లోపం మాత్రం ఉంది. మెత్తదనం పోయి కొంచెం నారగా అవుతుంది. మా ఆయన అందుకే తినరు.

చెంగ్డూ డాక్టరు | ఆదివారం, ఉదయం 10:30
దూరదని కాదు, దూరక్కర్లేదు అన్నాను పిన్నీ. కానీ ఫ్రీజర్ సంగతి నిజం, ఒప్పుకుంటున్నా. అమ్మమ్మగారి చపాతీ పాయింటు కూడా.

పొరటు పద్మ | ఆదివారం, మధ్యాహ్నం 12:05
మిగిలిన ముక్కలున్నాయా గరిటె గారూ? గ్రేవీ కడిగేసి చేత్తో చిదిమేయండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, పసుపు వేసి, ఈ పొడిని వేసి నీరు ఇగిరే దాకా తిప్పండి. దించాక చిటికెడు నల్ల ఉప్పు. దానిలోని గంధకం వాసనకి కోడిగుడ్డు పొరటే అనుకుంటారు. నల్ల ఉప్పు ముందే వేస్తే పొయ్యి మీద ఆ వాసన పోతుంది.

మాదాపూర్ గరిటె | ఆదివారం, రాత్రి 10:20
మిగిలిన ముక్కలు ఎప్పుడో పారేశాం పద్మగారూ. ఇవాళ కొత్తవి రెండు ప్యాకెట్లు తెచ్చి ఒకదాన్ని అమ్మమ్మగారి పద్ధతిలో, రెండోదాన్ని డాక్టరు గారి పద్ధతిలో చేశా (గట్టి రకమే దొరికింది, కారం ముద్ద బదులు ఇంటి నుంచి వచ్చిన కొరివికారం వేశా. దానిలో ఉప్పు, చింతపండు ఉన్నాయని మర్చిపోయి మళ్లీ ఉప్పేశా, అది నా తప్పు).

పాలు పడనివాడు వేయించిన ముక్కల్ని కూరలో వేయక ముందే సగం లాగించేశాడు. కొరివికారం టోఫూ ఉప్పెక్కువైనా అన్నంలోకి అదిరింది, గిన్నె ఖాళీ. "రుచే లేదు" అన్నవాడు మూడుసార్లు వడ్డించుకుని ఇప్పుడు "ఆ కారంలో చెప్పు ముక్క వేసినా తింటార్రా, ఇందులో టోఫూ గొప్పేముంది" అంటున్నాడు.

ఎడిసన్ అమ్మమ్మ | ఆదివారం, రాత్రి 10:41
గుత్తివంకాయ కూరలో మసాలా తీసేసి ఉత్త వంకాయ తినమను ఆ అబ్బాయిని.

మాదాపూర్ గరిటె | ఆదివారం, రాత్రి 10:55
చెప్పాను. వంకాయ జోలికి రావద్దంటున్నాడు. పిన్నిగారూ, ఫ్రీజర్‌లో ఒక ప్యాకెట్ పెట్టాను, గోంగూర రేపు సాయంత్రం తెస్తా. కరగడానికి ఎన్ని గంటల ముందు బయట పెట్టాలి?