గిరార్డోని గాలి తుపాకీ: వరసగా 20 గుళ్లు కాల్చేదాన్ని సైన్యం ఎందుకు వదిలేసింది?

పాతబ్యారెల్:
1780లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గిరార్డోని రైఫిల్ గురించే. బ్యారెల్ పక్కన గొట్టంలో 20 గుళ్లుంటాయి. మూతి పైకెత్తి, వెనకాల అడ్డంగా ఉన్న దిమ్మెను బొటనవేలితో నొక్కితే ఒక గుండు అందులోకి దొర్లుతుంది. వదిలితే స్ప్రింగు దాన్ని బ్యారెల్‌కి ఎదురుగా తెచ్చి నిలబెడుతుంది. ఇక కాక్ (పైనుండే సుత్తిలాంటి మీట) లాగి కాల్చడమే. చెకుముకి తుపాకీతో నిమిషానికి మూడు పేలిస్తే గొప్ప అనుకునే రోజులవి. పొగ లేదు, మందు తడిసే బాధ లేదు. అయినా 1815కల్లా మూలన పడింది. ధరేనా కారణం?

ఒత్తిడిలెక్క:
ధర తర్వాత సంగతి, ముందు లెక్క చూడండి. తుపాకీ బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగమే గాలి సిలిండర్. ఒత్తిడి 800 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), అంటే దాదాపు 55 బార్, మామూలు గాలి ఒత్తిడికి 55 రెట్లు. లీటరు గాలిని అంత ఒత్తిడిలో నింపితే, అందులో దాగే శక్తి ఎంత పిండినా 16, 17 కిలోజౌళ్లు. తుపాకీ మందు గ్రాముకి సుమారు 3 కిలోజౌళ్లు. అంటే లీటరు గాలి ఐదారు గ్రాముల మందుతో సమానం! బ్రిటిష్ మస్కెట్‌లో (అప్పటి సైనికుల మామూలు చెకుముకి తుపాకీ) ఒక్క గుండుకే 10 గ్రాముల మందు పోసేవారు.

గాలి తన శక్తిని తక్కువ వృథా చేస్తుంది, ఒప్పుకుంటా. అయినా 11.7 మిల్లీమీటర్ల సీసం గుండు బరువు తొమ్మిదిన్నర గ్రాములు. సెకనుకు 180 మీటర్ల వేగం ఇచ్చినా 155 జౌళ్లు దాటదు. మస్కెట్ గుండు 32 గ్రాములు, 400 మీటర్ల వేగంతో 2,500 జౌళ్లు.

కొలిమిసెగ:
ఆ 55 బార్ ఎక్కించడం ఇంకో కథ. చేతి పంపుతో సుమారు 1,500 సార్లు కొట్టాలి. సెకనుకొకటి చొప్పున ఆగకుండా కొట్టినా 25 నిమిషాలు. పిస్టన్ లావు చేస్తే దెబ్బలు తగ్గుతాయిగా అంటారేమో. చదరపు సెంటీమీటరు పిస్టన్ మీదే చివర్లో 55 కిలోల బరువు ఎదురొస్తుంది, రెట్టింపు చేస్తే మనిషి వల్ల కాదు. అందుకే సన్న పిస్టన్, బోలెడు దెబ్బలు. గబగబా కొడితే గాలి వేడెక్కి ఒత్తిడి వచ్చేసినట్టే ఉంటుంది, చల్లారాక దిగిపోతుంది. చూద్దామంటే మీటరు లేదు. బూర్డాన్ ప్రెషర్ గేజ్‌కి పేటెంటు వచ్చింది 1849లో.

సిలిండర్ సంగతి: ఇనప రేకును శంకువులా చుట్టి, అంచు మీద అంచు వేసి, రివెట్లు కొట్టి, ఇత్తడి కరిగించి అతుకు పూడుస్తారు. అతుకులో సూదిమొన రంధ్రమున్నా మర్నాటికి గాలి ఉండదు. అతుకే విడిపోతే, అది ఉన్నది సైనికుడి చెంప కింద. వాల్వ్ దగ్గర తోలు వాషర్లు. తడి ఆరితే ముడుచుకుని కారతాయి, కాబట్టి తడుపుతూ ఉండాల్సిందే.

బుడగలగన్:
జాతరలో బుడగలు కాల్చే గన్ కూడా ఇదే పద్ధతా?

కొలిమిసెగ:
కాదండీ. అందులో గాలి నిల్వ ఉండదు. బ్యారెల్‌ని కిందకి మడిచినప్పుడు స్ప్రింగు బిగుస్తుంది, ట్రిగ్గర్ నొక్కాక పిస్టన్ దూకి అప్పటికప్పుడు గాలిని నొక్కుతుంది. గిరార్డోనికి అసలు వారసులు ఒలింపిక్స్ రైఫిళ్లు, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు గెలిచిన 10 మీటర్ల పోటీలో వాడేలాంటివి. వాటిలో రెగ్యులేటర్ ఉంటుంది, ప్రతి గుండుకీ ఒకే ఒత్తిడి. గిరార్డోనికి అది లేదు. సిలిండర్‌కి 30 గుళ్లంటారు గానీ, ఒక్కొక్కటీ పేలేకొద్దీ ఒత్తిడి దిగుతుంది, గుండు కిందకి పడుతుంది. గురి ఎంత పైకి పెట్టాలో ఎన్నో గుండో లెక్కపెట్టుకుని తేల్చుకోవాలి.

చెకుముకి:
యుద్ధంలో దెబ్బతీసింది సరఫరా. మందు కాగితం పొట్లంలో కట్టి పీపాల్లో నెలలు దాచుకోవచ్చు, ఏ బండిలోనైనా పడేయొచ్చు. గాలికి మాత్రం ప్రతి సైనికుడికీ అదనపు సిలిండర్లు, పంపు, గుళ్లు పోసే అచ్చు, సీసం గరిటె. తర్వాత బండి మీద పెద్ద పంపు కూడా పెట్టారు. ఆ బండి వెనకబడితే తుపాకీ కర్రే. పైగా దీన్ని తయారుచేసిన గిరార్డోని వియన్నాలో గడియారాల పని చేసినవాడు, తుపాకీ కూడా అంత సున్నితమైన పని. రెజిమెంట్ కమ్మరి సరిచేసేది కాదు.

పాతబ్యారెల్:
కమ్మరి మాట పూర్తిగా ఒప్పుకోను. అమెరికాలో పడమటి తీరానికి దారి వెతుక్కుంటూ వెళ్లిన లూయిస్, క్లార్క్ యాత్రకి ఇలాంటి గాలి రైఫిల్ ఒకటి తీసుకెళ్లారు. 1803లో పిట్స్‌బర్గ్ దగ్గర ఎవరో తెలియక కాలిస్తే, 40 గజాల దూరంలో ఉన్న ఒకావిడ టోపీలోంచి దూసుకెళ్లి కణత గీసింది. 1805 జూన్‌లో యాత్ర మధ్యలో దాని మెయిన్ స్ప్రింగుని జాన్ షీల్డ్స్ అనే కమ్మరే మార్చాడు.

చెకుముకి:
స్ప్రింగు ఎవరైనా కొడతారు, చెకుముకి తుపాకీలోనూ అదే స్ప్రింగు. సిలిండర్ అతుకు ఊడితే షీల్డ్స్ ఏం చేసేవాడు? పైగా అది ఒక్క తుపాకీ, దారిలో కలిసిన ఆదివాసీ తెగల ముందు ప్రదర్శనకి. వెయ్యి తుపాకులకు రోజూ గాలి కొట్టాలంటే తెలుస్తుంది. 1860లో స్పెన్సర్ రైఫిల్ రాగి తూటాలతో ఏడు గుళ్లు వరసగా పేల్చింది. పంపు లేదు, తడిపే తోలూ లేదు.