పాలు తోడుకునేటప్పుడు కలుపుతూ ఉంటే త్వరగా పులుస్తాయా?

పుల్లమజ్జిగ:
డిగ్రీ మైక్రోబయాలజీ ప్రాజెక్టు కోసం అడుగుతున్నానండి. ఒకే పాలు, ఒకే తోడు, రెండు బీకర్లు, రెండూ 42 డిగ్రీల దగ్గరే. ఒకటి కదపకుండా వదిలేశా, రెండోది మాగ్నెటిక్ స్టిర్రర్ మీద సుడి తిరిగేంత స్పీడులో పెట్టా. కలిపితే బ్యాక్టీరియాకి తిండి బాగా అందుతుంది, యాసిడ్ త్వరగా వస్తుంది అని మా గైడ్ సార్ అంటారు. తీరా చూస్తే కదపని బీకరే ముందు పులిసి పీహెచ్ 4.6కి దిగింది. తిప్పినది వెనకబడింది, పైగా అది పెరుగులా కూడా లేదు, రవ్వ తేలుతున్న మజ్జిగలా ఉంది. మీటరు క్యాలిబ్రేట్ చేసే వాడాను. ఇలాగే రావాలా, నా సెటప్‌లో ఏమైనా తేడా ఉందా?

పాలకేంద్రం:
తేడా ఏం లేదు, ఇలాగే వస్తుంది. తిండి అందడం అనే మాట ఇక్కడ పనికిరాదు. పాలల్లో లాక్టోజ్ నాలుగున్నర, అయిదు శాతం దాకా కరిగే ఉంటుంది, పెరుగు అయ్యాక కూడా అందులో ఎక్కువ భాగం మిగిలిపోతుంది, ఇక కలిపి అందించేదేముంది? కలపాల్సింది తోడు వేసినప్పుడు ఒక్కసారే, అది గిన్నె అంతా సమానంగా పట్టేలా. రవ్వ సంగతి వేరే. కాచిన పాలు పీహెచ్ 5.3 ప్రాంతానికి వచ్చేసరికి పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ కణాలు ఒకదానికొకటి అంటుకుని వల కట్టడం మొదలవుతుంది, 4.6కి వచ్చేసరికి గట్టిపడుతుంది. ఆ మధ్యలో కదిపితే వల తెగుతుంది, తేట వదిలేస్తుంది, మళ్లీ అతుక్కోదు. డెయిరీల్లో కలిపిన పెరుగు చేసేటప్పుడు కూడా ట్యాంకులో కదపకుండా తోడుకోనిచ్చి, కావలసిన పులుపు వచ్చాకే మెల్లగా విరగ్గొట్టి చల్లబరుస్తారు. ముందే తిప్పితే గరుకు వస్తుంది.

కవ్వం:
మా అత్తగారు తోడేసిన గిన్నె జరిపితేనే ఊరుకోరు :) పీహెచ్ ఏంటో తెలియకుండానే. కానీ ఒక డౌటు, ఇడ్లీ పిండి మాత్రం రుబ్బాక చేత్తో బాగా కలిపి పెట్టమంటారుగా, అక్కడ కలిపితే మంచిదెలా అయింది?

ఫెర్మెంటర్‌గాడు:
అక్కడా కలిపేది మొదట్లోనే కదండీ, మినప్పిండి, రవ్వ, ఉప్పు సమానంగా కలవడానికి. ఆ తర్వాత ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా గ్యాస్ వదులుతాయి, మినుముల జిగురు దాన్ని పట్టి ఉంచుతుంది. పొంగాక గరిటెతో గట్టిగా కలిపారంటే ఆ గాలి బయటికి పోయి ఇడ్లీ రాయిలా వస్తుంది.

ఇక ప్రాజెక్టు సంగతి. నువ్వు తిప్పింది పాలను మాత్రమే కాదు, సుడి లాగితే పై నుంచి గాలి కూడా లోపలికి పోతుంది. లాక్టిక్ బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అక్కర్లేదు, ఓర్చుకుంటాయి అంతే. కాస్తున్నప్పుడు పాలల్లో కరిగిన గాలి చాలావరకు పోతుంది, పాలు బాగా తోడుకోవడానికి అదీ ఒక కారణం. దాన్ని నువ్వు తిరిగి ఎక్కిస్తున్నావు. తోడులోని థర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా ముందు ఆ ఆక్సిజన్‌ని తగ్గించుకునే పనిలో పడుతుంది, దాని జోడీ బల్గారికస్ అయితే గాలి తగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారు చేసుకుని తనకే ఇబ్బంది తెచ్చుకుంటుంది. అందుకే నీ బీకరు వెనకబడింది.

మీ సార్ మాట పూర్తిగా తప్పనలేం. ఫ్యాక్టరీల్లో లాక్టిక్ యాసిడ్ కోసమే పులియబెట్టే ట్యాంకుల్లో తిప్పుతారు, ఎందుకంటే పుట్టిన యాసిడ్‌ని విరిచేయడానికి సున్నమో కాల్షియం కార్బొనేటో వేస్తుంటారు, తిప్పకపోతే అది అడుగుకి చేరి పైన పీహెచ్ పడిపోతుంది, బ్యాక్టీరియా మందగిస్తుంది. అక్కడ తిప్పితే నిజంగానే వేగం పెరుగుతుంది, అయినా మెల్లగానే తిప్పుతారు, గాలి కొట్టరు. పెన్సిలిన్, వెనిగర్ లాంటి వాటికి గాలి కావాలి కాబట్టి గట్టిగా తిప్పుతారు, ఆ పాఠం దీనికి అంటగడితే కుదరదు.

పుల్లమజ్జిగ:
థాంక్యూ అన్నా! అయితే తేడా తిప్పినందుకా, గాలికా అని విడదీసి చూపించడం ఎలా?

ఫెర్మెంటర్‌గాడు:
మూడో పాత్ర పెట్టు. కోనికల్ ఫ్లాస్కు మెడ దాకా పాలు నింపి, పైన ఖాళీ లేకుండా బిరడా పెట్టి, సుడి రాకుండా మెల్లగా తిప్పు. అది కదపని దానితో సమానంగా దిగితే గాలే కారణం. అంతకంటే ముందు మూడింట్లోనూ థర్మామీటరు పెట్టి చూడు, తెరిచిన బీకరు సుడి తిరుగుతుంటే ఆవిరి పోయి ఒకటి రెండు డిగ్రీలు చల్లబడవచ్చు, వైవాలో మొదటి ప్రశ్న అదే వస్తుంది.

పాలకేంద్రం:
ఇంకోటి, పీహెచ్ చూడటానికి ప్రతిసారీ ప్రోబ్ ముంచితే కదపని బీకరులో కూడా పెరుగు తెగుతుంది. అదే పాలు చిన్న చిన్న ట్యూబుల్లో పోసి పెట్టుకుని, చూసినప్పుడల్లా ఒకటి తీసి పారెయ్.