కల్పవల్లి గుట్టలు: పట్టా లేని భూమిని ఏళ్ల తరబడి కాపాడితే హక్కు ఎవరిది?

సీకేపల్లి_కుర్రాడు:
తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. మా శ్రీ సత్యసాయి జిల్లాలో, అంటే పాత అనంతపురంలో, ముష్టికోవెల చుట్టుపక్కల ఉన్న ఈ కల్పవల్లి గుట్టలు 1990ల మొదట్లో బోడిగా ఉండేవి. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఊళ్లవాళ్లతో మాట్లాడి, చెట్లు నరకకుండా, ఎండాకాలం అగ్గి అంటుకోకుండా కాపలా పెట్టించారు. నాటినవి కొన్నే, పాత మోళ్ల నుంచి చిగిర్చినవి ఎక్కువ. ఇప్పుడది ఏడు వేల ఎకరాల పైచిలుకు పచ్చదనం. ఈతచెట్లు, బోదగడ్డి, తోడేళ్లు కూడా ఉన్నాయి. ఊళ్ల సహకార సంఘమే చూసుకుంటుంది. కానీ రికార్డుల్లో మాత్రం ఇంకా ప్రభుత్వ బంజరే. ఆ ఒక్క కారణంతోనే 2010 ప్రాంతంలో గాలిమరల కంపెనీకి అందులో భూమి ఇచ్చేశారు, వ్యవహారం పర్యావరణ కేసులు చూసే చెన్నై గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. ఇలాంటి భూముల్ని సంఘాల పేరు మీద శాశ్వతంగా రాసివ్వాలా, వద్దా?

పెన్నా_తీరం:
రాసివ్వాలి. ఇందులో చర్చేముంది?

గొర్రెలమంద:
అగ్గి అంటుకోకుండా కాపలా అన్నావు చూడు తమ్ముడూ, అక్కడ ఆగు. కాపలా ఎవరి మీద? మా మీదే కదా. రాయలసీమలో ఏ గుట్ట కాలినా మొదటి మాట గొర్రెలోళ్లు పెట్టారనే. రోడ్డు పక్కన బీడీ పారేసిన మోటార్ సైకిల్ వాణ్ని ఎవడూ అడగడు.

కరెంటు_మామ:
అసలు విషయం వదిలేసి బీడీల దగ్గరికి వెళ్లారు. గాలిమరలు పొగ లేని కరెంటు ఇస్తాయి, బొగ్గు తవ్వే పని లేదు. ప్రభుత్వ భూమిని ప్రభుత్వం ఇచ్చింది, తప్పేముంది? ఒక ఫ్యాన్ కింద ఎంత జాగా పోతుంది, పావు ఎకరం కూడా కాదు. మిగతాదంతా మేతకు వదిలేసినట్టే.

సీకేపల్లి_కుర్రాడు:
మామా, ఫ్యాన్ కింద జాగా లెక్క వేస్తున్నారు, ఫ్యాన్ దాకా వెళ్లే దారి లెక్క వేయడం లేదు. అంత పొడవు రెక్క మోసుకొచ్చే లారీ గుట్ట ఎక్కాలంటే వాలును అడ్డంగా కోసి వెడల్పాటి రోడ్డు వేయాలి. ఆ మట్టి వానకు వంకలోకి, వంక నుంచి చెరువులోకి జారుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే పండగ చేసుకునే జిల్లా మాది, చెరువు పూడితే ఏం తాగాలి? పైగా మన దేశంలో గాలి కరెంటు ప్రాజెక్టుకు పర్యావరణ ప్రభావ అంచనా అవసరమే లేదు. అంటే ఊరిని కూర్చోబెట్టి అడిగే ఘట్టమే లేదు.

గొర్రెలమంద:
ఊరిని అడగడం గురించి నువ్వే చెప్తున్నావు, బాగుంది. నేను అడిగినదానికి జవాబు లేదు.

పెన్నా_తీరం:
కొత్త గడ్డి తొందరగా రావాలని అగ్గి పెట్టేవాళ్లు ఉన్నారా లేరా అన్నా? మనసు మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

గొర్రెలమంద:
ఉన్నారు. కాదన్నానా? ఒకడు పెడితే అందరినీ దొంగల్లా చూస్తారనే నా బాధ. గుట్ట మీద గడ్డి పెరిగితే మొదట బాగుపడేది నా మంద. ఇంకెవరికన్నా నాకే కదా ఆ గడ్డి ఎక్కువ అవసరం.

ఎర్రనేల:
ఇంతసేపూ చదివాను, ఒక్కరు కూడా భూమి లేనివాళ్ల మాట ఎత్తలేదు. మాది వేరే మండలం. అక్కడా ఒక సంఘం ఉంది, పేరు అనవసరం. మా నాన్న రెండెకరాల డి-పట్టాకు, అంటే భూమి లేనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాగు పట్టాకు, అర్జీ పెట్టుకుంటే, అది ఉమ్మడి మేత బీడు, ఇవ్వొద్దని ఆ సంఘం పెద్దలే ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లి చెప్పారు. వాళ్లలో ఒక్కడికీ పదెకరాలకు తక్కువ లేదు. మా నాన్న బెంగళూరులో సెంట్రింగ్ పనిలోనే ముసలివాడయ్యాడు. మీకు చెట్లు కనబడతాయి, నాకు ఆ అర్జీ కనబడుతుంది.

కరెంటు_మామ:
మీ నాన్నగారికి గుట్ట మీద రెండెకరాలు ఇచ్చినా నాలుగేళ్లు వేరుశనగ వేసి, బోర్లు ఎండిపోయాక ఎవరికో అమ్మేసేవారు. అందరూ చేసేది అదే కదా.

ఎర్రనేల:
మాటలు జాగ్రత్త. అసైన్డ్ భూమి, అంటే అలా పట్టా ఇచ్చిన భూమి, అమ్మకూడదని 1977లోనే చట్టం వచ్చింది, 2023లో సడలించేదాకా అమ్మడం కుదిరేది కాదు. దాన్ని తుంగలో తొక్కి కొనుక్కున్నది ఎవరో ఏ ఊళ్లో అడిగినా చెప్తారు. అమ్మినవాడిదే తప్పు, కొన్నవాడు పెద్దమనిషి, అంతేనా? మీ జీతంలో ఎంత ఖర్చు పెట్టాలో నేను చెప్తున్నానా?

పెన్నా_తీరం:
ఇద్దరూ కాస్త తగ్గండి. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేసి తిరిగి ఊరికి అప్పగించమని. అది చాలు.

ఎర్రనేల:
తీర్పు పూర్తిగా చదివారా సార్? భూమి లేని కూలీలకూ ఎస్సీ, ఎస్టీలకూ ప్రభుత్వం ఇచ్చిన లీజులను క్రమబద్ధం చేయవచ్చని అందులోనే మినహాయింపు ఉంది. ఆ వాక్యం ఎవ్వరూ పోస్ట్ చేయరు.

సీకేపల్లి_కుర్రాడు:
మీ ఊళ్లో జరిగింది అన్యాయమే, నేను సమర్థించను. కానీ కల్పవల్లిని ముక్కలు చేసి పంచితే ఏమవుతుందో ఆలోచించండి. అది తలా రెండెకరాలు దున్నే నేల కాదు, రాళ్ల వాలు. ఈత ఆకుతో చీపుర్లు, బుట్టలు చేసేవాళ్లలో, బోదగడ్డి కోసుకునేవాళ్లలో భూమి లేనివాళ్లు చాలామంది. మొత్తంగా ఉంటేనే వాళ్లకు కూలి.

ఎర్రనేల:
పంచమని నేను ఎక్కడన్నాను? కంపెనీకి ఇవ్వొద్దనేది నా మాట కూడా. మీరు ఊరు, ఊరు అంటున్నారు. ఆ ఊరు అంటే ఎవరు, సంతకం ఎవరు పెడతారు, ఎమ్మార్వో ముందు కుర్చీలో ఎవరు కూర్చుంటారు, అదొక్కటే నా ప్రశ్న. కాగితం సంఘం పేరు మీద వచ్చిన రోజున, ఇప్పుడు ప్రభుత్వాన్ని అడిగినట్టు నేను ఆ సంఘాన్ని అడగగలనా?

గొర్రెలమంద:
ఇందాకటి నుంచి నేను మొత్తుకుంటున్నదీ ఇదే కదా. కాపలా పెట్టే కమిటీలో గొర్రెలోడు ఉంటే, అగ్గి ఎవడు పెట్టాడో వాడే చెప్తాడు.

సీకేపల్లి_కుర్రాడు:
సరే, సంఘం పేరు మీదే హక్కు రాయాలి, అమ్మే వీలు గానీ లీజుకిచ్చే వీలు గానీ ఉండకూడదు. కమిటీలో భూమి లేనివాళ్లకూ మందలున్నవాళ్లకూ చోటు ఉండాలి. ఇలా రాస్తే ప్రభుత్వానికి పెట్టే అర్జీ మీద ఇద్దరూ సంతకం పెడతారా?

ఎర్రనేల:
చోటు అంటే ఎంత? సగం అని రాయండి, పెడతాను.

కరెంటు_మామ:
సగం ఎందుకండీ, జనాభా లెక్కన ఇస్తే సరిపోదా?

ఎర్రనేల:
మళ్లీ మొదలుపెట్టారు.