383 ఎక్కడికి పోయిందో ఎవరైనా చెప్పండి

పటమట అమ్మ:
సాయంత్రం నుంచి కూర్చున్నాం, లెక్క కలిసి చావట్లేదు. 70ని 12తో హెచ్చవేస్తే 840. మొత్తం చూస్తే 1223. ఎన్నిసార్లు వేసినా 383 తేడా. పొద్దున్నే బడికి పట్టుకెళ్ళాలి, పాప ఒకటే ఏడుపు. మా ఆయన క్యాలిక్యులేటర్‌ని అనుమానిస్తున్నారు. ప్లీజ్, త్వరగా చెప్పండి.

గుణదల:
దేని లెక్క?

రిటైర్డు మాస్టారు:
అమ్మా, క్యాలిక్యులేటర్ ముట్టుకున్నారు చూశారా, చిక్కంతా అక్కడే. మా పిల్లలు ఇరవయ్యో ఎక్కం దాకా కళ్ళు మూసుకుని అప్పజెప్పేవాళ్ళు. పన్నెండేళ్ళు ఎనభై నాలుగు, పక్కన సున్నా పెడితే అయిపోయె! ఇప్పుడు ఎక్కాలు వల్లె వేయించడమే తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. పునాది లేకుండా గోడ ఎలా లేస్తుంది?

పటమట అమ్మ:
ఎక్కాలు దానికి వచ్చండీ. 840 తప్పని ఎవరన్నారు? ప్రకాశం బ్యారేజీ లెక్క. 70 గేట్లంటే బెజవాడలో ఇంకేం ఉంటుంది! ఈ టర్మ్‌లో చెప్పినవన్నీ ఒకే చార్టు మీద చూపించమన్నారు. లెక్కల్లో గుణకారం, తీసివేత, కొలతలు. ఈవీఎస్‌లో నదులు, కాలువలు. తెలుగులో మన ఊరి ఆనకట్ట గురించి అయిదు వాక్యాలు. గేటు 12 మీటర్లు, 70 గేట్లు. మరి పొడవు 1223 అని ఎందుకుంది?

గుణదల:
గేట్ల మధ్య స్తంభాల మందం ఎవరు కలుపుతారు?

రిటైర్డు మాస్టారు:
ఆనకట్ట అని రాయించకండి. ఆనకట్ట వేరు, బ్యారేజీ వేరు. కాటన్ దొర హయాంలో 1855 నాటికి కట్టింది ఆనకట్ట. అడ్డంగా గోడ, నీళ్ళు దాని మీద నుంచి పొర్లుతాయి. 1952లో దానికి గండి పడ్డాక కొత్తగా కట్టి 1957లో తెరిచింది బ్యారేజీ. గేట్లెత్తి వరదని కిందికి వదలొచ్చు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు.

తాడేపల్లి నుంచి:
మాస్టారూ, మా వైపు ముసలాళ్ళంతా ఇప్పటికీ ఆనకట్ట అనే అంటారు. నాలుగో తరగతి పిల్లకి ఇంత అవసరమా?

రిటైర్డు మాస్టారు:
ముసలాళ్ళు అంటారు సరే, చార్టు మీద రాసేదానికో పద్ధతుండాలి కదా.

ఏలూరు రోడ్డు ఇంజనీరు:
గుణదల గారు చెప్పింది నిజమే, ఇంకొంచెం ఉంది. ఆ 70 గేట్లు కాక రెండు చివర్లా ఇసుక కొట్టుకుపోవడానికి వేరే తూములున్నాయి. అవీ, స్తంభాలూ కలిస్తేనే 1223. మిగిలింది ఎక్కడికీ పోలేదు, పాపచేత 'గేట్లు కాని భాగం 383 మీటర్లు' అని రాయించండి. తీసివేత కూడా చూపించినట్టవుతుంది. అసలు గొడవ బొమ్మ దగ్గర. చార్టు ఎంత పొడవు?

పటమట అమ్మ:
మామూలు చార్టేనండీ. సెంటీమీటరుకి 10 మీటర్లనుకుని గీస్తే సగంలోనే అంచు వచ్చేసింది. అది చూసే ఏడుపు.

ఏలూరు రోడ్డు ఇంజనీరు:
ఈ ముక్క ముందే చెప్పాల్సింది! అలా గీస్తే 122 సెంటీమీటర్లు కావాలి. మామూలు చార్టు 70 దాకానే ఉంటుంది. సెంటీమీటరుకి 20 మీటర్లు పెట్టండి, 61లో సరిపోతుంది. ఒక్కో గేటు 6 మిల్లీమీటర్లు. 70 గీతలూ గీయించకండి, చెయ్యి పడిపోతుంది. నాలుగైదు గీసి మధ్యలో చుక్కలు పెట్టించండి. విజయవాడ వైపు బందరు, ఏలూరు, రైవస్ కాలువలు నీలం రంగులో వేస్తే ఈవీఎస్ అయిపోతుంది.

తాడేపల్లి నుంచి:
మా సీతానగరం వైపు కాలువ కూడా వెయ్యండమ్మా. గుంటూరు వాళ్ళూ తాగేది ఈ కృష్ణే.

రిటైర్డు మాస్టారు:
చుక్కలు పెడితే మార్కులు కోస్తారు.

పటమట అమ్మ:
61కి కుదిరింది. థాంక్సండీ అందరికీ. ఆనకట్ట అనే రాసేసింది, చెరిపితే చార్టు చిరిగేలా ఉంది.

సత్యనారాయణపురం:
మా వాడికీ ఇదే ఇచ్చారు, ఇప్పుడే చెప్పాడు. ఈ టైముకి లెనిన్ సెంటర్‌లో చార్టులమ్మే షాపులు తీసుంటాయా?