స్నేహితులతో తెరచాప పడవలో రెండు వారాలు: రోజువారీ జీవితం ఎలా సాగుతుంది?

తీరరేఖ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము ఐదుగురు స్నేహితులం కలిసి సుమారు 12 మీటర్ల పొడవున్న తెరచాప పడవను అద్దెకు తీసుకొని, వెచ్చటి నీళ్లుండే తీరం వెంబడి రెండు వారాలు తిరగాలని నిశ్చయించుకున్నాము. మాలో ఇద్దరికి పడవ నడపడంలో శిక్షణ, తగినంత అనుభవం ఉన్నాయి. మిగిలిన ముగ్గురికి సముద్రం పూర్తిగా కొత్త. పగలు నాలుగైదు గంటలు ప్రయాణించి, సాయంత్రానికి గాలి, అలల తాకిడి లేని చోటు చూసుకొని లంగరు వేసి, రాత్రి పడవలోనే పడుకోవాలన్నది మా ఆలోచన.

తెరచాపలు ఎత్తడం, దించడం, చుక్కాని పట్టడం గురించి చదువుకోవడానికి కావలసినంత దొరుకుతోంది. రోజులో మిగిలిన గంటలు ఎలా గడుస్తాయన్నదే ఎవరూ వివరంగా చెప్పడం లేదు. మంచినీటి ట్యాంకు 350 లీటర్లదనీ, సీసం బ్యాటరీల సామర్థ్యం 200 ఆంపియర్-గంటలనీ పడవ యజమాని చెప్పారు. ఐదుగురికి ఇవి సరిపోతాయా? వంట, స్నానం, పడక వంటివి ఎలా జరుపుకోవాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, ఏళ్ల తరబడి స్నేహంగా ఉన్నవాళ్లం అంత ఇరుకు చోట మాట పట్టింపులు లేకుండా ఉండాలంటే ముందుగా ఏమేమి మాట్లాడుకోవాలి? అనుభవమున్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

అణియం:

మీ ప్రణాళికలో నేను మొదట మార్చమనేది వేళలను. సాయంత్రానికి లంగరు వేద్దామన్నారు. మధ్యాహ్నం రెండు, మూడు గంటల లోపే వేయడం మంచిది. ఎండకు నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి పొద్దెక్కేకొద్దీ సముద్రం మీది నుంచి గాలి పుంజుకొని, మధ్యాహ్నానికి బలంగా వీస్తుంది. దానితోపాటే అలలూ లేస్తాయి. అంతకన్నా పెద్ద కారణం వెలుతురు. వెచ్చటి తీరాల్లో పగడపు దిబ్బలు ఉంటాయి. సూర్యుడు బాగా పైన, మీ వెనుక వైపున ఉన్నప్పుడు నీటి రంగే లోతును చెబుతుంది: ముదురు నీలం లోతు, లేత ఆకుపచ్చ కలిసిన నీలం ఇసుక నేల, గోధుమ రంగు దిబ్బ. సూర్యుడు వాలి ఎదురుగా మెరుస్తుంటే ఇవేవీ కనిపించవు. అందువల్ల తెల్లవారుతూనే బయలుదేరి, ఎండ నడినెత్తి దాటిన కొద్దిసేపటికే చేరుకునేలా దూరాలు ఎంచుకోండి. ఈ పరిమాణపు పడవ గంటకు 5 నుంచి 6 నాటికల్ మైళ్లు (ఒక్కొక్కటి సుమారు 1.85 కిలోమీటర్లు) నడుస్తుందనుకొని లెక్క వేసుకుంటే చాలు.

ఇక నీళ్లు. ఐదు రోజులకొకసారి ట్యాంకు నింపుకోగలరనుకుందాం. 50 లీటర్లు అత్యవసరానికి అట్టేపెడితే మనిషికి రోజుకు 12 లీటర్లు వస్తాయి. ఆ వేడిలో తాగడానికే 3 లీటర్లకు తగ్గకుండా కావాలి. అందులో పొదుపు పనికిరాదు. తాగే నీళ్లలో కొంత భాగాన్ని వేరే క్యాన్లలో ఉంచుకుంటే, ట్యాంకు నీరు పాడైనా, పంపు చెడిపోయినా ఇబ్బంది ఉండదు. పొదుపంతా కడుగుళ్లలోనే చేయాలి. సింకు దగ్గర కాలితో తొక్కే సముద్రపు నీటి పంపు ఉందేమో యజమానిని అడగండి. లేకపోతే లంగరు వేసి ఉన్నప్పుడు పడవ వెనుక అంచున కూర్చొని, తాడు కట్టిన బకెట్‌తో నీళ్లు తోడుకొని గిన్నెలు తోమి, చివరగా మంచినీటితో ఒక్కసారి తొలిస్తే సరిపోతుంది. మురికి నీళ్లు పారబోసే ముందు బకెట్ అడుగున చేయి పెట్టి వెతకాలి. లేకపోతే చెంచాలు ఒక్కొక్కటిగా సముద్రం పాలవుతాయి. పడవ నడుస్తుండగా మాత్రం ఎవరూ బకెట్ ముంచకూడదు, ఆ లాగుడుకు మనిషి తూలి పడిపోతాడు.

స్నానానికి వెనుక నిచ్చెన దిగి సముద్రంలో మునిగి, పైకొచ్చి షాంపూతో ఒళ్లు రుద్దుకొని, మళ్లీ మునగాలి. మామూలు సబ్బు ఉప్పునీటిలో నురగ రాదు, జిడ్డుగా పేరుకుపోతుంది. ఆఖరున ఒంటి మీది ఉప్పును మంచినీటితో కడగాలి. మొక్కలకు మందు కొట్టే చేతిపంపు సీసా కొత్తది ఒకటి కొని ఇందుకోసమే ఉంచుకుంటే, మనిషికి ఒకటి, రెండు లీటర్లకు మించి ఖర్చవదు. ఎండలో పెడితే నీళ్లు వేడిగా కూడా ఉంటాయి. ఈ చివరి కడుగుడును ఎవరూ మానకూడదు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, ఉప్పు ఒంటితో ఒక్కరు పడుకున్నా ఆ దుప్పటి ఇక తడి ఆరదు. పాదాలు కడుక్కోకుండా కేబిన్‌లోకి దిగకూడదన్న నియమాన్ని మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

పనులకు వంతుల పట్టిక రాసుకొని రోజూ మార్చుకుంటే ఎవరికీ అన్యాయం జరిగినట్లు అనిపించదు.

చుక్కాని:

నీళ్ల గురించి అణియం గారు చెప్పినదంతా సరైనదే. వంతుల విషయంలో మాత్రం నేను ఏకీభవించలేను. వంట, గిన్నెలు తోమడం వంతులవారీగా చేసుకోవలసిందే. రోజూ ఒకరినే ఆ వేడి కేబిన్‌లో నిలబెట్టడం తగదు. కానీ మరిచిపోతే ప్రమాదం తెచ్చే పనులు కొన్ని ఉన్నాయి. వాటిని రెండు వారాలూ ఒకే మనిషికి అప్పగించాలి. గ్యాస్ సిలిండర్ కవాటం అటువంటిది. వంట గ్యాస్ గాలి కన్నా బరువైనది. ఇంట్లో కారితే తలుపు తెరవగానే చాలావరకు బయటికి పోతుంది, పడవలో అయితే కిందికి దిగి అడుగున నిలిచిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే వంట ముగియగానే ముందు సిలిండర్ దగ్గర కవాటం మూసి, గొట్టంలో మిగిలిన గ్యాస్ మండిపోయి మంట దానంతటదే ఆరాక స్టవ్ కట్టేయాలి. పడవ అడుగున చేరే నీటిని రోజూ చూడడం, సముద్రపు నీరు లోపలికి రాకుండా టాయిలెట్ కవాటాలు మూయడం కూడా ఇలాంటివే. ఈ పనులు చేతులు మారుతుంటే, నిన్నటి మనిషి మూశాడో లేదో ఈనాటి మనిషికి తెలియదు. ఎదుటివాడు చూసుకుని ఉంటాడని ఎవరికి వారు ఊరుకుంటారు.

బ్యాటరీల సంగతి. సీసం బ్యాటరీలను సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా దెబ్బతింటాయి, కాబట్టి మీ చేతిలో ఉన్నది 200 కాదు, 100 ఆంపియర్-గంటలే. వెచ్చటి నీళ్లలో ఫ్రిజ్ ఒక్కటే రోజుకు 50 నుంచి 60 దాకా తింటుంది. చిన్న 12 వోల్టుల ఫ్యాను గంటకు అర ఆంపియర్-గంట తీసుకుంటుందనుకున్నా, ఐదు ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే మరో 20 పోతాయి. దీపాలు, ఫోన్లు, పడవ పరికరాలు కలిపితే 100 నిండినట్లే. సౌర ఫలకాలు ఉన్నాయో లేదో, ఉంటే ఎంత సామర్థ్యమో కనుక్కోండి. లేకపోతే రోజూ ఇంజన్ నడిపి చార్జ్ చేసుకోవలసి వస్తుంది. ఫ్రిజ్ మూతను మాటిమాటికీ తెరవకుండా, కావలసినవన్నీ ఒక్కసారే తీసుకునే అలవాటు చేసుకుంటే విద్యుత్తు చెప్పుకోదగినంత మిగులుతుంది.

వంటకు ప్రెషర్ కుక్కర్ తప్పకుండా పట్టుకెళ్లండి. మూత బిగిసి ఉంటుంది కాబట్టి పడవ ఊగినా లోపలిది ఒలకదు, గ్యాస్ తక్కువ పడుతుంది, కేబిన్‌లో వేడీ తగ్గుతుంది. అట్టపెట్టెలను పడవలోకి రానివ్వకండి. వాటి మడతల్లో బొద్దింకల గుడ్లు ఉంటాయి, ఒకసారి చేరితే వదిలించుకోవడం చాలా కష్టం. సరుకులన్నీ ఒడ్డునే విప్పి డబ్బాల్లో నింపుకుంటే చెత్తా తగ్గుతుంది. ప్లాస్టిక్‌ను సముద్రంలో ఎక్కడైనా వేయడాన్ని, ఓడల వల్ల సముద్రం కలుషితం కాకుండా దేశాలు చేసుకున్న మార్పోల్ ఒప్పందంలోని ఐదవ అనుబంధం 1988 నుంచి నిషేధిస్తోంది. మీలాగా తీరానికి దగ్గరగా తిరిగేవారు ఆహారపు వ్యర్థాలను కూడా ఒడ్డుకు చేర్చడమే సరైన పద్ధతి.

ఉప్పుగాలి:

స్నేహం గురించిన మీ ప్రశ్నకు ఇంతవరకు సమాధానం రాలేదు కాబట్టి నేను దానికే పరిమితమవుతాను. బయలుదేరే ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం, చివరి మాట ఎవరిదన్నది. మీలో ఇద్దరు అనుభవజ్ఞులు ఉన్నారన్నారు; ఇబ్బంది అక్కడే వస్తుంది. పడవకు ఒక్కరే నాయకుడు ఉండాలి. కావాలంటే మొదటి వారం ఒకరు, రెండవ వారం మరొకరు ఆ బాధ్యత తీసుకోవచ్చు, కానీ ఒక సమయంలో ఒక్కరే. చర్చ ఎంతైనా చేయవచ్చు. తెరచాప కుదించాలని, ఈ రోజు కదలవద్దని నాయకుడు చెప్పాక మాత్రం ముందు పని జరిగిపోవాలి, వాదన లంగరు వేశాక చేసుకోవాలి.

అరుపుల వల్లే మనసులు నొచ్చుకుంటాయి. లంగరు వేసేటప్పుడు ఒకరు ముందు కొసన గొలుసు దగ్గర, మరొకరు వెనుక చుక్కాని దగ్గర ఉంటారు; మధ్యలో ఇంజన్ చప్పుడు, ఎదురుగాలి. ఒకరి మాట ఒకరికి వినపడక గొంతు పెంచుతారు, పెంచిన గొంతు కోపంలా వినిపిస్తుంది. దీనికి చేతి సైగలే మందు. చేయి చాచి గొలుసు ఏ వైపు లాగుతోందో చూపడం, పిడికిలి పైకెత్తితే ఆగమనడం, అరచేతిని కిందికి ఊపితే గొలుసు వదులుతున్నానని చెప్పడం వంటివి ఒడ్డున ఉండగానే అందరూ కలిసి సాధన చేయండి. కొత్తవారు కూడా అరగంటలో నేర్చుకుంటారు.

రోజూ ఉదయం పది నిమిషాలు అందరూ కూర్చొని వాతావరణం ఎలా ఉంది, ఎక్కడికి వెళ్తున్నాం, అక్కడ కుదరకపోతే ప్రత్యామ్నాయం ఏమిటన్నవి మాట్లాడుకోండి. తీరంలో తక్కువగా చెప్పుకునే మరో అవసరం ఏకాంతం. 12 మీటర్ల పడవలో గుసగుస కూడా అందరికీ వినిపిస్తుంది. పడవ ముందు భాగంలో కూర్చొని పుస్తకం చదువుకుంటున్న మనిషిని ఎవరూ పలకరించకూడదని ఒప్పందం చేసుకోండి. అలిగాడేమోనని ఎవరూ అనుమానించనవసరం లేదు. ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ ఒక్కటే ఉంటుంది గనుక, దానిని తీసుకెళ్లేవారు ఎప్పుడు తిరిగివస్తారో చెప్పి మరీ వెళ్లాలి. ఉమ్మడి ఖర్చులకు అందరూ సమానంగా మొదటే డబ్బు వేసి, ఒకరు లెక్క రాస్తే ఆ విషయం అక్కడితో తీరిపోతుంది.

తీరరేఖ:

ఇంత ఓపికగా వివరించిన మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ప్రమాదకరమైన పనులను ఒక్కొక్కరికి స్థిరంగా అప్పగించి, వంట, కడుగుళ్లను వంతులు వేసుకుందామని అనుకుంటున్నాము. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. రాత్రిపూట లంగరు జారకుండా ఉందన్న నమ్మకంతో ఎలా నిద్రపోవాలి? మా స్నేహితురాలు ఒకరికి బస్సు ప్రయాణంలోనే వాంతులవుతాయి. ఆమె ఈ ప్రయాణానికి రావచ్చునా?

అణియం:

పనుల విషయంలో చుక్కాని గారి వాదన నాకూ సమ్మతమే. కవాటాలకు వంతుల పట్టిక పెట్టడం క్షేమం కాదు.

లంగరు పట్టు దాని బరువు కన్నా, ఎంత గొలుసు వదిలామన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. గొలుసు నేల వెంబడి పరుచుకొని లంగరును అడ్డంగా లాగితే అది ఇసుకలోకి దిగుతుంది, పైకి లాగితే ఊడి వస్తుంది. నీటి లోతు 5 మీటర్లు, పోటుకు పెరిగేది 1 మీటరు, నీటి మట్టం నుంచి పడవ ముందు కొస ఎత్తు 1.5 మీటర్లు అనుకుంటే మొత్తం 7.5, దానికి ఐదు రెట్లు, అంటే 38 మీటర్ల గొలుసు వదలాలి. గాలి పెరుగుతుందంటే ఏడు రెట్లు వదలండి. తర్వాత ఇంజన్‌ను వెనక్కు నడిపి గొలుసును బిగించి చూడండి. పడవకు పక్క వైపున, ఒడ్డు మీద ఒకదాని వెనుక ఒకటిగా కనిపించే రెండు గుర్తులు, ఒక చెట్టూ దాని వెనుక కొండ శిఖరమూ అనుకోండి, ఎంచుకుంటే అవి వరుస తప్పకుండా ఉన్నంతసేపు లంగరు పట్టినట్లే. నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి ముక్కుకు, కళ్లకు కలిపి ఉండే ఈత అద్దాలు పెట్టుకొని ఒకరు దిగి, లంగరు పూర్తిగా ఇసుకలో పూడిందో లేదో కళ్లారా చూసి రావడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. అది మీ కొత్తవారికి బాగా నచ్చే పని కూడా. గొలుసు కుదుపు, చప్పుడు కేబిన్‌లో పడుకున్నవారిని బాధించకుండా, గొలుసుకు నైలాన్ తాడు తగిలించి లాగుడంతా దాని మీద పడేలా కట్టాలి. చీకటి పడగానే చుట్టూ కనిపించే తెల్ల దీపం వెలిగించడం నియమం. ఫోన్‌లో లంగరు అలారం పెట్టుకున్నా, నాయకుడు రాత్రి ఒకటి రెండుసార్లు లేచి బయటికి చూడాలి.

లంగరు మీది పడవ సాధారణంగా గాలికి ఎదురు తిరిగి ఉంటుంది కాబట్టి, ముందు భాగంలోని పైకప్పు మూత తెరిస్తే గాలి నేరుగా లోపలికి వచ్చి కేబిన్ చల్లబడుతుంది. వేడి ప్రాంతాల్లో రాత్రిపూట అకస్మాత్తుగా జల్లులు పడతాయి, అప్పుడు లేచి మూతలన్నీ మూసేది ఎవరో పడుకునే ముందే అనుకోండి.

మీ స్నేహితురాలు నిరభ్యంతరంగా రావచ్చు. లోపలి చెవి శరీరం ఊగుతోందని చెబుతుంటే, కేబిన్ గోడలను చూస్తున్న కళ్లు కదలిక లేదని చెబుతాయి. కడుపు తిప్పేది ఈ వైరుధ్యం వల్లనే. అందువల్ల ప్రయాణంలో ఆమెను కేబిన్‌లోకి పంపకండి, ఫోన్ చూడనివ్వకండి, వంట పని చెప్పకండి. చుక్కాని ఆమె చేతికే ఇచ్చి, దిగంతరేఖ మీద చూపు నిలపమనండి. పడవ నడిపేవారికి కడుపు తిప్పడం తక్కువ. వైద్యుడిని ముందే అడిగి మందు తెచ్చుకోవాలి, దానిని బయలుదేరే ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మింగిన మాత్ర కడుపులో నిలవదు. కొన్ని మందులు నిద్ర తెప్పిస్తాయి కనుక ఒడ్డున ఉండగానే ఒకసారి వేసుకొని చూడడం మంచిది. చాలామందికి రెండు మూడు రోజుల్లో శరీరం అలవాటుపడుతుంది. మొదటి రెండు రోజులూ ఒకటి, రెండు గంటలకు మించని దూరాలే పెట్టుకోండి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగి దిగేలా ఒడ్డుకు దగ్గరగా ఉండే దారిని ఎంచుకోండి.