పిట్స్‌హ్యాంగర్ మేనర్: ఉన్నది కూల్చి, లేనిది కట్టడం పరిరక్షణేనా?

ఈలింగ్_వాసి:
నిన్న పశ్చిమ లండన్ ఈలింగ్‌లోని వాల్‌పోల్ పార్కులో వాన పట్టుకుంది. తల దాచుకుందామని పిల్లలతో పిట్స్‌హ్యాంగర్ మేనర్‌లోకి దూరితే రెండు గంటలు ఉండిపోయాం. తెలియనివాళ్లకు రెండు ముక్కలు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వాస్తుశిల్పి జాన్ సోన్ 1800లో ఈ ఇల్లు కొని, చాలామటుకు పడగొట్టి, 1804 కల్లా తనకు నచ్చినట్టు విల్లా కట్టుకున్నాడు. 1810లో అమ్మేశాడు. చేతులు మారి మారి ఊరి కౌన్సిల్‌కు చేరి, 1902 నుంచి 1984 దాకా గ్రంథాలయంగా నడిచింది. సుమారు 1.2 కోట్ల పౌండ్లు పెట్టి బాగుచేసి 2019లో మళ్లీ తెరిచారు. ఆ బాగుచేయడంలో విక్టోరియా కాలపు అతుకులు తీసేశారు, ఎప్పుడో పోయిన గాజుగదిని కొత్తగా కట్టారు. నా పేచీ అక్కడే. మాతోపాటు తిరిగిన ఒక పెద్దావిడ ఖాళీ గోడ చూపించి "పిల్లల పుస్తకాలు ఇక్కడుండేవి" అంది. ఆవిడ ఇల్లు ఎటు పోయింది?

సున్నంబట్టి:
పాత కట్టడాల మరమ్మతే నా పని, కాబట్టి నా మాట ఒకవైపే మొగ్గుతుందనుకోండి. సోన్ ఇంట్లో సగం పనితనం గోడల్లో ఉండదు, వెలుతురులో ఉంటుంది. సన్నగా, ఎత్తుగా ఉన్న ఆ ప్రవేశమార్గంలో నిలబడి తల పైకెత్తితే తెలుస్తుంది. ఆ వెలుతురుకు అడ్డొచ్చిన అతుకును ఉంచితే, పుస్తకం ఉంచి అక్షరాలు చెరిపినట్టే. పైగా ఇదేమీ ఊహించి కట్టింది కాదు. సోన్ కాగితం ముక్క కూడా పారేసే రకం కాదు. లండన్ లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లోని ఆయన ఇల్లే ఇప్పుడు మ్యూజియం, ఆయన గీసిన నక్షాలు అక్కడ భద్రంగా ఉన్నాయి.

పాతగోడ:
నక్షాలున్నాయి, బాగానే ఉంది. నేను వేరే లెక్క అడుగుతా. సోన్ దగ్గర ఆ ఇల్లు ఉన్నది పదేళ్లు. 1812లో హత్యకు గురైన ప్రధాని స్పెన్సర్ పెర్సివల్ కూతుళ్లు 1843 నుంచి యాభై ఏళ్లకు పైగా అక్కడ కాపురమున్నారు. గ్రంథాలయం 82 ఏళ్లు. పదేళ్లు ఉన్నవాడి కోసం మిగతావాళ్లందరినీ ఖాళీ చేయించారన్నమాట! కవి, డిజైనర్ విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టింది ఈ జబ్బు మీదే. చర్చిలను "అసలు రూపానికి" తెస్తామని గీకి గీకి, మధ్యలోని శతాబ్దాలను ఊడ్చేస్తుంటే చూడలేక.

సున్నంబట్టి:
అద్దె రోజులు లెక్కపెట్టి విలువ కట్టరు కదండీ. చట్టం కాపాడే కట్టడాల జాబితాలో ఆ ఇల్లు అన్నిటికన్నా పై మెట్టయిన గ్రేడ్ 1 అయింది సోన్ వల్లే. ఇంగ్లండ్ జాబితాలో గ్రేడ్ 1 వాటా రెండున్నర శాతం మాత్రమే. అన్నీ ఊడ్చేశారనడం కూడా తప్పు. గ్రంథాలయం కోసం 20వ శతాబ్దంలో పక్కన కట్టిన హాలు అలాగే ఉంది, ఇప్పుడది గ్యాలరీ.

కిటికీ_బాధితుడు:
పెద్దల మాట మధ్యలో వస్తున్నా, మన్నించాలి. నాది 1820ల నాటి వరస ఇళ్లలో ఒక ఫ్లాట్, గ్రేడ్ 2. చలికాలం కిటికీ పక్కన కూర్చుంటే మెడ పట్టేస్తుంది. డబుల్ గ్లేజింగ్ అడిగితే కౌన్సిల్ కుదరదంది. నాకు రెండు అద్దాల కిటికీ తప్పు, వాళ్లకు ఏకంగా గాజుగది ఒప్పా?

సున్నంబట్టి:
తమ్ముడూ, మీ కోపం న్యాయమైనదే. కానీ అప్పటి కిటికీలో అద్దాల మధ్య కర్రపట్టీలు వేలెడు మందం కూడా ఉండవు. రెండు అద్దాలు మొయ్యాలంటే పట్టీ లావెక్కాలి, దాంతో ముఖమే మారిపోతుంది. పాత అద్దం కాస్త అలలు అలలుగా ఉంటుంది, ఒకసారి తీస్తే మళ్లీ దొరకదు. పాత కిటికీని కదపకుండా లోపలి వైపు ఇంకో అద్దం బిగించే సెకండరీ గ్లేజింగ్‌కు అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు. దరఖాస్తుకు ఫీజు లేదు. అనుమతి లేకుండా మాత్రం ముట్టుకోకండి. జాబితా కట్టడాల 1990 చట్టం కింద అది నేరం, రెండేళ్ల దాకా జైలు.

కోఠి_పూర్వవిద్యార్థిని:
సోన్ ఇల్లు పూర్తవుతున్న రోజుల్లోనే హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటు (నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి) కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ లేస్తోంది. అదే జార్జియన్ (జార్జి రాజుల) కాలపు స్తంభాల వరస, కాకపోతే నిజాం డబ్బుతో. 1949 నుంచి అది ఆడపిల్లల కాలేజీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. బయట ఆ రెండు సింహాల దగ్గర ఫోటో దిగని బ్యాచ్ లేదు. దాన్ని బాగుచేయడం నాకూ సంతోషమే. అయితే సున్నంబట్టి గారి లెక్కన రెసిడెంటు రోజులే అసలు, మేం చదువుకున్న డెబ్బై చిల్లర ఏళ్లు అతుకు. ఒప్పుకోను సార్. ఆ మెట్లు అరిగింది మా చెప్పులతో కూడా.

సున్నంబట్టి:
మేడం, అరిగిన మెట్టును నేనెప్పుడూ మార్చమనను. అరుగుదల వేరు, అడ్డుగోడ వేరు.

పాతగోడ:
అడ్డుగోడ ఏదో, జ్ఞాపకం ఏదో తేల్చేది ఎవరన్నదే కదా గొడవ! ఇంకో తమాషా చూడండి. 1850కి ముందు కట్టి, చాలావరకు చెక్కుచెదరకుండా ఉన్నవాటిలో ఎక్కువ వాటిని జాబితాలో చేరుస్తారు. సోన్ పడగొట్టిన పాత ఇల్లు ఇవాళ నిలిచి ఉంటే, కిటికీ తమ్ముడికి పడ్డ దెబ్బే ఆయనకూ పడేది. ఆయన కూడా అన్నీ కూల్చలేదు. 1768లో వాస్తుశిల్పి జార్జ్ డాన్స్ కట్టిన దక్షిణపు భాగాన్ని ఉంచుకున్నాడు. కుర్రతనంలో డాన్స్ దగ్గరే పనిలో చేరాడు మరి. గురువు గోడ కాబట్టి మిగిలింది. దీన్ని ఏ చట్టంలో రాస్తారు?

ఈలింగ్_వాసి:
ఇది నాకు తెలియదు. ఆ భాగాన్ని మళ్లీ చూడాలి. నేను ముందువైపు స్తంభాల మీది ఆడబొమ్మల్నే చూస్తూ నిలబడ్డా. కోడ్ రాయి అంటారు కానీ రాయి కాదట, కాల్చిన మట్టి. ఎలినార్ కోడ్ అనే ఆవిడ లాంబెత్‌లో ఆ కార్ఖానా నడిపింది. రెండు వందల ఏళ్ల లండన్ వానకు కూడా చలించలేదు.

కిటికీ_బాధితుడు:
నా కిటికీ కూడా ఆవిడే చేసుంటే బాగుండేది. సరే గానీ, సెకండరీ గ్లేజింగ్ వేయించుకున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? రెండు అద్దాల మధ్య చెమ్మ పడుతోందా?